మైనస్ 48 వోల్టుల ర్యాక్: రిటర్న్‌ని ర్యాక్ దగ్గర కూడా ఎర్త్ చేయాలా?

ఉప్పల్_నోడ్:
బ్యాటరీ గదిలో రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), 12 మీటర్ల దూరంలో ర్యాక్. అందులో 1200 వాట్ల రౌటర్, దానికి ఎ, బి అని రెండు ఫీడ్లు (పవర్ లైన్లు). రెక్టిఫయర్ దగ్గర ప్లస్ బార్ ఎలాగూ ఎర్త్ అయి ఉంది. ర్యాక్‌లో కూడా రిటర్న్ (ప్లస్ వైరు) నుంచి ఛాసిస్‌కి, అంటే లోహపు బాడీకి, ఓ జంపర్ వేస్తే సేఫ్ అని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. వేయించాలా? ఇంకోటి, 6 స్క్వేర్ ఎంఎం కేబుల్ చాలుతుందా?

మెగ్గర్:
జంపర్ వద్దు. ప్లస్‌కీ ఎర్త్‌కీ ముడి ఒక్కచోటే ఉండాలి. రెండోచోట కలిపితే రిటర్న్ కరెంటు కొంత ఎర్త్ వైరు పట్టుకుంటుంది, కొంత షీల్డెడ్ కేబుళ్ల అల్లికలోంచి పోతుంది. దానికంటే పెద్ద తంటా, రిటర్న్ లగ్ (వైరు చివరి బిగింపు) పూర్తిగా ఊడినా రౌటర్ నడుస్తూనే ఉంటుంది. లోడంతా ఎర్త్ వైరు మోస్తున్న సంగతి ఎవరికీ తెలియదు.

రాణీగంజ్_లగ్:
అన్నా, మైనస్ వైరు పొర చీరి బాడీకి తగిలితే? జంపర్ ఉంటే రిటర్న్ కేబుల్ గూడ ఫాల్ట్ కరెంటు మోస్తది, ఎంసీబీ (బ్రేకర్) జల్ది పడ్తది. సేఫ్టీ అంటే గదే కదా.

మెగ్గర్:
జంపర్ లేకపోయినా పడుతుంది. ఛాసిస్, ర్యాక్ ఎర్త్, మెయిన్ ఎర్త్ బార్, ప్లస్ బార్: దారంతా రాగే. 16 స్క్వేర్ ఎంఎం ఎర్త్ వైరు 12 మీటర్లకు 15 మిల్లీ ఓములు కూడా ఉండదు, వందల ఆంపియర్లు పారతాయి. చిక్కెక్కడంటే, ర్యాక్‌కి విడిగా ఎర్త్ పిట్ తవ్వి, దాన్ని మెయిన్ బార్‌కి కలపకుండా వదిలేసేచోట. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు కాస్త తవ్వితే రాయే. ఉప్పూ బొగ్గూ పోసి కష్టపడి 2 ఓములు తెచ్చినా, 54 వోల్టులకు 27 ఆంపియర్లే. 40 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు.

షెల్ఫ్_3యు:
ఒక్క మినహాయింపు. చిన్న కేబుల్ ఆపరేటర్ల గదుల్లోలాగా రెక్టిఫయర్ అదే ర్యాక్‌లో ఉంటే, ఆ ఒక్క ముడీ ఆ ర్యాక్‌లోనే పడుతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ చెప్పింది కరెక్టే. బహుశా అలాంటి చోట్ల చేసిన అలవాటే ఇది.

ఇక కేబుల్. 24 సెల్స్ బ్యాటరీ ఫ్లోట్‌లో (నిండుగా ఛార్జ్‌లో ఉన్నప్పుడు) 54 వోల్టులు, సెల్‌కి 1.8 దాకా దిగితే 43.2. రౌటర్ లాగేది స్థిరమైన పవర్ కాబట్టి వోల్టేజ్ తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది: 43.2 దగ్గర 28 ఆంపియర్లు. లెక్కకి రానూపోనూ 24 మీటర్లు తీసుకోవాలి, చాలామంది 12తో ఆపేస్తారు. 6 స్క్వేర్‌లో డ్రాప్ (కేబుల్‌లోనే పోయే వోల్టేజ్) 2.2 వోల్టులు, అంటే రౌటర్ దగ్గర 41. యూరప్ ప్రమాణంలో కింది హద్దు 40.5. లగ్గులూ బ్రేకరూ తినేది కలిస్తే మిగిలేదేమీ లేదు. 10 స్క్వేర్‌లో 1.3 వోల్టులే. కరెంటు సగం సగం పంచుకుంటుందని ధీమా పడొద్దు, ఒక ఫీడ్ పోతే రెండోది మొత్తం మోయాలి.

రాణీగంజ్_లగ్:
10 స్క్వేర్‌కి నాది గూడ ఓటే. కానీ ఇంట్ల పెట్టే ఏసీ ఎంసీబీ పెట్టకుర్రి. డీసీల కరెంటు సున్నా దాటది, ఆర్క్ (నిప్పు మెరుపు) ఆరది. డీసీ ఎంసీబీ మీద ప్లస్ మైనస్ గుర్తులుంటే ఉల్టా బిగించకుర్రి. బ్రేకర్ మైనస్ లైన్లనే, రిటర్న్‌ల వద్దు; అది తెగినా రౌటర్ లోపల మైనస్ 48 అట్లనే ఉంటది. వైరు రంగు నమ్మకుర్రి, ఒక్కో సైట్‌ల ఒక్కో తీరు. మీటర్ పెట్టి చూసినంకనే బిగించుర్రి. ముందు ఎర్త్, తర్వాత రిటర్న్, చివర్ల మైనస్. విప్పేటప్పుడు దీనికి ఉల్టా.

జంపర్ సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలే. రిటర్న్ కరెంటు ఎర్త్‌ల పోతున్నదని ఎట్ల తెలుస్తది?

మెగ్గర్:
డీసీ క్లాంప్ మీటర్, ఏసీది పనికిరాదు. ముందు జీరో చేసి, ఎ, బి ఫీడ్ల నాలుగు వైర్లనూ కలిపి దవడలో పెట్టండి. ఎ జత ఒక్కటే పెడితే తప్పు రీడింగ్ రావచ్చు, ఎందుకంటే ఎ మైనస్‌లో వెళ్లిన కరెంటు బి రిటర్న్‌లో తిరిగొచ్చే డిజైన్లున్నాయి. నాలుగూ కలిపితే సున్నా రావాలి. ఆంపియరో రెండో చూపిస్తే ఆ తేడా ఎర్త్‌లో పోతున్నట్టే.

ఉప్పల్_నోడ్:
జంపర్ వేయకుండానే తేడా చూపిస్తే?

షెల్ఫ్_3యు:
కొన్ని యూనిట్లలో రిటర్న్ లోపలే ఛాసిస్‌కి కట్టి వస్తుంది, మాన్యువల్లో డీసీ-సి అని రాస్తారు. విడిగా ఉంచేది డీసీ-ఐ. అన్ని వైర్లూ విప్పి, రిటర్న్ టెర్మినల్‌కీ ఛాసిస్‌కీ మధ్య మీటర్‌తో కంటిన్యుటీ (కలిసి ఉన్నాయా అన్నది) చూడండి. బీప్ వస్తే అదే దొంగ.