పలికించెడివాడా, పలికించు విభుండా?

పద్యపిపాసి: ప్రోగ్రామ్ చిప్ చేత పని ఎలా చేయిస్తుందో మా అబ్బాయికి చెబుతుంటే పోతన గారి కందం నోటికొచ్చింది. ‘పలికెడిది భాగవతమట’ తర్వాత నాకు ‘పలికించు విభుండు’ అనే వస్తోంది. ఇంట్లో ‘పలికించెడివాడు’ అంటున్నారు. ఏది సరైన పాఠం? కంప్యూటర్లో ఆ పలికించేవాడు సాఫ్ట్‌వేరే కదా?

కందప్రియ: ఛందస్సుతో తేలదండీ. ‘చెడివాఁ’, ‘చు విభుం’ రెండూ సగణాలే (రెండు లఘువులు, ఒక గురువు). ఆరో గణం ‘డు రామ’ ఎటూ జగణమే (లఘువు, గురువు, లఘువు). నా ఓటు ‘పలికించెడివాడు’కే. ముందు ‘పలికెడిది’ అన్నాక ఆ ‘ఎడి’ మళ్లీ మోగితేనే చెవికి ఇంపు.

పాత డిప్లొమా: సాఫ్ట్‌వేర్ పలికించేవాడు కాదు, పలికెడిది. అంటే పలకబడే భాగవతం. పలికే ‘నేను’ చిప్. 8085 అనే పాత మైక్రోప్రాసెసర్ చిప్‌లో ఎ రిజిస్టర్‌లో (సంఖ్య దాచే చిన్న అరలో) 5 పెట్టాలంటే మెమరీలో 3ఈ (చేయాల్సిన పనికి సంకేతం), 05 (పెట్టాల్సిన సంఖ్య) ఉంటాయి, పదహారు ఆధారంగా రాసే హెక్సా అంకెల్లో. 3ఈని బిట్లుగా, అంటే సున్నాలు ఒకట్లుగా, విడదీస్తే 00 111 110. చిప్‌కి ఇందులో అర్థమయ్యేదేమీ లేదు. నడిమి 111 మూడు తీగల మీద వోల్టేజీగా డీకోడర్‌లోకి (ఏ గేటు తెరవాలో తేల్చే సర్క్యూట్‌లోకి) వెళ్లి ఎ రిజిస్టర్ గేటు తెరుస్తుంది. అక్కడ 000 పెట్టండి, 3ఈ కాస్తా 06 అవుతుంది, అదే 5 వెళ్లి బి రిజిస్టర్‌లో పడుతుంది. మాటే తీగ మీద కరెంటు, వేరే ఆజ్ఞ ఏదీ లేదు.

విభుపక్షం: అలాగైతే ‘విభుండు’ ఇంకా బాగా కుదురుతుంది. విభుడంటే ప్రభువే కాదు, అంతటా వ్యాపించినవాడు కూడా. చిప్ మూలమూలకీ చేరేది క్లాక్, అంటే అడుగడుగునా పని నడిపే విద్యుత్ స్పందన. అది కొట్టకపోతే 3ఈ తర్వాత 05 చదవడమే ఉండదు.

కందప్రియ: క్లాక్ తాళం వేస్తుంది, ఏం పలకాలో చెప్పదు. రామభద్రుడు తాళం వేసి ఊరుకున్నాడా? పోతన సొగసు అసలు ‘అట’లో ఉంది. భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట: మూడూ విన్నమాటలే. తన మాటగా అన్నది ‘పలికెద’ ఒక్కటే. ఆ వినయం మరే కవికి వస్తుంది?

పాత డిప్లొమా: ఆ లెక్కన పలికించేవాడు ప్రోగ్రామ్ రాసిన మనిషి.

విభుపక్షం: రాసింది పోతనైతే, ఆ మనిషి పోతన అవుతాడు కానీ రాముడెలా అవుతాడు?

పద్యపిపాసి: 111, 000 సంగతి అబ్బాయికి కాగితం మీద గీసి చూపిస్తాను, చాలా బాగుంది. పాఠం మాత్రం తేలలేదు. పాత ముద్రణ ఉన్నవారు ఆ పాదం ఫొటో పెట్టండి, దయచేసి.