అవివాహిత భాగస్వామి వీసాపై యూకేలో ఉన్న చెల్లెలు విడిపోయింది. వెంటనే తిరిగి రావలసిందేనా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నమస్కారం. మా చెల్లెలు లండన్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఒక బ్రిటిష్ పౌరుడితో పెళ్లి కాకుండానే కలిసి ఉంటూ, భాగస్వామిగా రెండున్నరేళ్ల వీసా పొందింది. సంక్రాంతి తరువాత వారు విడిపోయారు. ఇల్లు అతని పేరున ఉన్నందున తను స్నేహితురాలి దగ్గర తలదాచుకుంటోంది. వీసాకు ఇంకా ఏడాదికి పైగా గడువుంది కాబట్టి ఎవరికీ చెప్పనక్కరలేదని బ్రాడీపేటలో ఒక కన్సల్టెన్సీవారు అన్నారు. ఆ మాట నమ్మవచ్చా? సహజీవనం సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

జవాబు 1 (విజయవాడ):
దయచేసి ఆ సలహా పాటించకండి. బంధం ముగిసినట్లు హోం ఆఫీసుకు (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖకు) తెలియజేయాలి. తెలిపిన రోజే వీసా రద్దు కాదు. వారు లేఖ పంపి, సాధారణంగా 60 రోజులకు గడువు కుదిస్తారు. ఆలోగా మరో వీసాకు దరఖాస్తు చేస్తే, నిర్ణయం వచ్చేవరకు ఆమె అక్కడ చట్టబద్ధంగానే ఉండవచ్చు. స్పాన్సర్ లైసెన్సు (విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి) ఉన్న సంస్థలో తగిన ఉద్యోగం దొరికితే స్కిల్డ్ వర్కర్ వీసాకు అక్కడి నుంచే మారవచ్చు. కాకపోతే 2025 జూలై నుంచి దానికి సాధారణంగా కావలసిన కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, అది చిన్న మొత్తమేమీ కాదు. బ్రిటిష్ పౌరసత్వమున్న బిడ్డ ఉంటే తల్లిగా వేరే మార్గం ఉంది.

జవాబు 2 (గుంటూరు):
అక్కగా మీరు ముందు ఆమెను అడగవలసింది, ఎందుకు విడిపోయారన్నది. అతను హింసించడం వల్ల బంధం తెగితే, మామూలుగా కావలసిన అయిదేళ్లు నిండకపోయినా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. పెళ్లి కాకపోవడం దానికి అడ్డు కాదు.

ప్రశ్న అడిగినవారు:
చెయ్యి చేసుకోలేదట. కానీ జీతం మొత్తం అతని ఖాతాలోనే వేయించుకునేవాడు, పాస్‌పోర్టు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇది హింస కిందకు వస్తుందా?

జవాబు 2:
తప్పకుండా వస్తుందమ్మా. డబ్బును గుప్పిట్లో పెట్టుకోవడం, భయపెట్టి అదుపు చేయడం కూడా అక్కడి చట్టం దృష్టిలో గృహహింసే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, అతని మెసేజ్‌లు, డాక్టరుకు చెప్పుకుని ఉంటే ఆ రికార్డు, ఏదీ పోగొట్టుకోవద్దని చెప్పండి. చేతిలో డబ్బు లేనివారికి మూడు నెలల తాత్కాలిక అనుమతి, దానితో ప్రభుత్వ సాయం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఆ అనుమతి వస్తే ఇప్పుడున్న వీసా పోతుంది, మూడు నెలల్లోనే అసలు దరఖాస్తు పెట్టాలి. అందుకని అక్కడి న్యాయవాదితో గాని, ఇమిగ్రేషన్ సలహాకు అక్కడ నమోదైనవారితో గాని మాట్లాడకుండా తొందరపడవద్దు.

జవాబు 1:
ఇప్పుడు వీసా కార్డుగా కాక ఈ-వీసాగా ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఆ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, ఫోన్ నంబరు అతనివైతే ఈ రోజే మార్చమనండి, లేకపోతే హోం ఆఫీసు లేఖ అతని చేతికే వెళ్తుంది.