వానకూ ఎండకూ కూడా పార్టీలేనా? మీ అనుభవాలు చెప్పండి

భాకరాపేట ఘాట్ (చర్చ మొదలుపెట్టినవారు)
పోయిన వారం తిరుపతిలో ఒక సభకు వెళ్ళాను. మాట్లాడినాయన పేరున్న రచయిత, టీవీ చర్చల్లో తరచూ కనిపిస్తారు. విషయం భూతాపం. ఆయన చెప్పిన సైన్సులో నాకు తప్పేమీ కనబడలేదు. ఐదు నిమిషాలు కాకముందే పక్క కుర్చీలో ఆయన నా చెవిలో "ఈయన ఆ పార్టీ మనిషిలే" అన్నాడు. అంతే. అక్కడి నుంచి ప్రతి మాటలోనూ పార్టీని వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఉగాదికి ఒక్కో పార్టీ ఆఫీసులో ఒక్కో పంచాంగ శ్రవణం జరుగుతుంది, ఎవరి పంతులు వాళ్ళ నాయకుడికే రాజయోగం చెబుతాడు. వాతావరణానికి కూడా అదే గతి పట్టిందా? మీరు ఎవరి మాట నమ్ముతారు, ఎందుకు?

పాకాల జంక్షన్
అన్నా, 2021 నవంబరు గుర్తుందా? రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళు ఖాళీ చేయించినారు. మా అత్తగారి ఊరు ఆ కిందే. చీకట్లో ఎనుములను తోలుకొని మా ఇంటికి వచ్చేశారు. ఆ వారమంతా టీవీలో రెండే గొంతులు. ఒకాయన "ఇది వాతావరణ మార్పు, ఎవరు మాత్రం ఏం చేస్తారు" అంటాడు. ఇంకొకాయన "మార్పూ లేదు గీర్పూ లేదు, కాలువలు పూడ్చి ప్లాట్లు వేశారు" అంటాడు. ప్రభుత్వం మారితే వీళ్ళిద్దరూ డైలాగులు మార్చుకుంటారని మా మామ అప్పుడే అన్నాడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, అందుకే కురిస్తే కుండపోత. ఆ నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు కడితే ఇళ్ళలోకే వస్తాయి. రెండూ నిజమేనని చెప్పే మనిషిని మాత్రం ఒక్క చానెల్ కూడా పిలిచినట్టు నేను చూడలేదు.

శెనక్కాయల చేను
నా కోపం వేరే. వందేళ్ళు పైగా బొగ్గు కాల్చి బాగుపడిన దేశాల పెద్దమనుషులు వచ్చి, మా ఆవు వదిలే గాలి గురించి క్లాసు పీకుతారు. వాన రాక ఎండిపోయే పంట మాది, నేరం కూడా మాదేనా? ఈ మాట అంటే మా అబ్బాయి "నువ్వు కూడా సైన్సును నమ్మవా నాయనా" అంటాడు. నమ్మకపోవడం కాదు సామీ, చెప్పే మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
శెనక్కాయల చేను గారూ, మీ మాటే 1991లో ఢిల్లీ నుంచి పర్యావరణ పరిశోధకులు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ రాశారు. పేదవాడి వరిమడి, పశువుల నుంచి వచ్చే మీథేన్‌నూ, ధనిక దేశపు కార్ల పొగనూ ఒకే తక్కెడలో వేయకూడదని వాళ్ళ వాదన. వాళ్ళదీ ఒక పక్షమే. కాకపోతే లెక్క బయట పెట్టి మరీ పక్షం తీసుకున్నారు. కావాలంటే ఆ లెక్కతో పోట్లాడొచ్చు. టీవీ మేధావితో ఆ వీలు ఉండదు, ఆయన దగ్గర గొంతు తప్ప లెక్క ఉండదు.

అలిపిరి మెట్లు
నేను నాలుగేళ్ళు "అంతా బోగస్" బ్యాచ్. కారణం ఉంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో హిమాలయాల మంచునదులు 2035 కల్లా కరిగిపోవచ్చని రాశారు. మన భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా 2009లో తన నివేదికలో వేరే మాట చెబితే, అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని "వూడూ సైన్స్" అని కొట్టిపారేశారు. 2010 జనవరిలో ఐపీసీసీయే ఆ 2035 మాట తప్పని ఒప్పుకుంది. మంచు కరగడం నిజం, ఆ తేదీ తప్పు. నాకు మాత్రం తేదీ ఒక్కటే కనబడింది. హాస్టల్లో ఎవరు భూతాపం అన్నా "2035" అని నోరు మూయించేవాణ్ణి.

నన్ను మార్చింది రిచర్డ్ ముల్లర్. బర్క్లీలో భౌతిక శాస్త్రవేత్త, ఉష్ణోగ్రతల లెక్కల మీద గట్టి అనుమానాలున్న మనిషి. పాత రికార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కగట్టాడు. ఖర్చులో కొంత పెట్టింది చమురు వ్యాపారి చార్లెస్ కోక్ ఫౌండేషన్. తీరా చూస్తే వేడెక్కడం నిజమేనని తేలింది. దానికి కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని 2012లో ఆయనే చెప్పాడు. డబ్బిచ్చినవాళ్ళకు నచ్చని జవాబు చెప్పినవాడిని నమ్మకుండా ఎట్లా ఉంటాం?

పాకాల జంక్షన్
ముల్లర్ అటు నుంచి ఇటు వచ్చాడు కాబట్టి ఇప్పుడు నీకు ముద్దొస్తున్నాడు. ఇటు నుంచి అటు పోయినవాడిని కూడా ఇట్లాగే పొగుడుతావా తమ్ముడూ?

అలిపిరి మెట్లు
దొరికిపోయాను అన్నా. పొగడను. వాడికి ఎవరిచ్చారో డబ్బు అని వెతుకుతాను.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు నాయనా, చదువుకున్నవాళ్ళ జబ్బే అది. అమెరికాలో డాన్ కహాన్ బృందం 2012లో అచ్చేసిన అధ్యయనం ఉంది. సైన్సు, లెక్కలు బాగా తెలిసినవాళ్ళే ఈ విషయంలో రెండు వర్గాలుగా ఇంకా ఎక్కువ చీలిపోయి కనిపించారు. తెలివి ఉన్నకొద్దీ తన వైపు వాదన అల్లుకోవడం సులువు కదా. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

గాదంకి పక్కూరు
మా ఊరి పక్కనే జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. 1990ల నుంచి అక్కడి రాడార్ మన నెత్తి మీది గాలిని కొలుస్తూనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే ఎంతమందికి ఆ సంగతి తెలుసు? టీవీ వాళ్ళు ఆ రోడ్డునే వెళ్తారు గానీ, మైకు దించడం నేను ఎన్నడూ చూడలేదు. ఒకసారి టీ కొట్టు దగ్గర అక్కడ పనిచేసే ఒకాయనను అడిగాను, "2021 వాన భూతాపం వల్లేనా సార్" అని. "ఒక్క వానను పట్టుకుని చెప్పలేం, చాలా ఏళ్ళ లెక్క కావాలి" అన్నాడు. అప్పుడు తప్పించుకుంటున్నాడని అనుకున్నాను.

భాకరాపేట ఘాట్
అట్లాంటి జవాబు టీవీలో చెబితే రెండోసారి పిలవరు. మాస్టారూ, మీరు మేడ మీద వాన కొలుస్తారని ఒకసారి రాశారు కదా, ఆ లెక్కలు ఇక్కడ పెడతారా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు
1998 నుంచి రాస్తున్నాను. మొదటి రెండు నోటుపుస్తకాలు 2021లో ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో నానిపోయాయి, సిరా అంతా కరిగి నీలం మరకలే మిగిలాయి. తర్వాతవి అటక మీద ఉన్నాయి. ఆదివారం మనవరాలు వస్తే ఫోటోలు తీయించి పెడతాను.

శెనక్కాయల చేను
బాల్ పెన్నుతో రాసి ఉండకూడదా సార్!