స్మార్ట్ మీటరు డేటా: పేరు తీసేస్తే సరిపోతుందా?

కృష్ణాతీరం: 2021లో మొదలైన కేంద్ర పథకం కింద 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. నెలకోసారి తీసే రీడింగు ఇప్పుడు పావుగంటకో అరగంటకో నమోదవుతుంది. పేరు, సర్వీసు నంబరు తీసేసి ఆ డేటాను పరిశోధకులకు ఇస్తే నష్టమేమిటి? నాకైతే కనపడటం లేదు.

మీటర్‌గోల: పావుగంటకొకటంటే రోజుకు 96 అంకెలండీ. ఐదున్నరకు గీజరు, ఏడింటికి ఇండక్షన్ స్టవ్, పది దాటాక ఫ్రిజ్ ఒక్కటే. అంటే ఇంట్లో ఎవరూ లేరనేగా! మీరు ఏయే రోజుల్లో ఊళ్లో లేరో పక్కింటాయనకు తెలుసు. పేరు లేకపోయినా మీ అంకెల వరస ఏదో ఇట్టే పట్టేస్తాడు.

లెక్కలపిచ్చి: అందుకే ప్రతి రీడింగుకూ కాస్త ర్యాండమ్ సంఖ్య కలిపి ఇస్తారు. డిఫరెన్షియల్ ప్రైవసీ అనే ఈ పద్ధతి 2006 నుంచీ ఉన్నదే.

మీటర్‌గోల: ఒక్క రీడింగుకైతే సరే. గీజరు రోజూ అదే టైముకు వేస్తారు కదా, నెలరోజుల ఐదున్నర రీడింగులకు సగటు తీయండి. కలిపిన ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోయి రెండు కిలోవాట్ల గీజరు తేలుతుంది. పైగా మీ మీటరు ఒంటరిది కాదు. ట్రాన్స్‌ఫార్మరు మొత్తం, మిగతా ఇళ్ల లెక్కలు దొరికితే మీది తీసివేతతో వచ్చేస్తుంది. వీటన్నిటినీ తట్టుకునేంత కలిపారా, ఆ డేటా ఇక దేనికీ పనికిరాదు.

లెక్కలపిచ్చి: ఇంటి స్థాయిలో నిజమే, ఒప్పుకుంటా. వందల ఇళ్లకు కరెంటిచ్చే లైను, అదే ఫీడరు, దాని మొత్తానికి ఆ ర్యాండమ్ సంఖ్య కలిపితే మాత్రం బాగానే పనిచేస్తుంది. ఎప్పుడు ఎంత కరెంటు కావాలో అంచనా వేయడానికి అది చాలు.

లైన్‌మన్‌బాబాయ్: మీ లెక్కలు బాగున్నాయి గానీ, వాడిన వేళను బట్టి రేటు మారే టైమ్ ఆఫ్ డే బిల్లు ఎలా వేయాలి? దొంగ కరెంటు ఎలా పట్టుకోవాలి?

మీటర్‌గోల: బాబాయ్, పీక్ అవర్స్ యూనిట్లు, మామూలు యూనిట్లు మీటరే లోపల కూడి నెలకోసారి పంపితే బిల్లు అయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు రోజు మొత్తంలోంచి ఇళ్ల రోజు మొత్తాలు తీసేస్తే, తీగల్లో మామూలుగా పోయే లైన్ లాస్ పోను ఎంత తేడా ఉందో తెలుస్తుంది. పావుగంటల గోల ఎందుకు?

డల్లాస్‌తెలుగు: ఇక్కడ అమెరికాలో ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ మీటర్లపై కేసు నడిచింది. పావుగంట రీడింగులు సేకరించడం ఇంటిని సోదా చేయడమేనని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది, అయినా సమంజసమేనని అనుమతించింది. నెదర్లాండ్స్‌లో 2009లో ఎగువ సభ తప్పనిసరి మీటర్లను ఒప్పుకోలేదు.

లైన్‌మన్‌బాబాయ్: కోర్టుల సంగతి నాకు తెలీదు. లో ఓల్టేజీ కంప్లైంట్ వస్తే మాత్రం ఆ పావుగంటల రీడింగులు లేకుండా ఏం చేయలేం.

మీటర్‌గోల: కంప్లైంట్ ఇచ్చినవాళ్లది, ఆ రెండు రోజులది తీసుకోండి. ఎవరొద్దన్నారు?