1500 వాట్ల హీటర్ రాడ్ 5.7 ఆంపియర్లే లాగుతోంది, పాడైనట్టేనా?

ప్రశ్న: నీళ్లు కాచే రాడ్ మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. లెక్క ప్రకారం 6.5 ఆంపియర్లు రావాలి కదా. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) 5.7 చూపిస్తోంది. కొత్తది కొనాలా?

జవాబు 1: ఆగండి. రాడ్ ఆన్‌లో ఉండగా సాకెట్ దగ్గర వోల్టేజీ ఎంత? క్లాంప్‌లో ఒక్క వైరే పెట్టారు కదా? ఫేజు, న్యూట్రల్ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.

ప్రశ్న: ఒక్క వైరే అన్నా. ఆన్‌లో 200, ఆఫ్ చేస్తే 225.

జవాబు 1: అయితే రాడ్ బాగానే ఉంది. 200ని 5.7తో భాగిస్తే రాడ్ నిరోధం (రెసిస్టెన్స్) 35.1 ఓములు. రేటింగ్ ప్రకారం 230 × 230 ÷ 1500 = 35.3. రెండూ ఒకటే. పవర్ మాత్రం 200 × 5.7 = 1140 వాట్లే. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 45 డిగ్రీలకు రావడానికి 14 నిమిషాల బదులు 18 పైనే పడుతుంది.

జవాబు 2: అసలు తంటా రాడ్ ఆన్ చేయగానే 225 నుంచి 200కి పడిపోతున్న ఆ 25 వోల్టులది. 25 × 5.7, అంటే సుమారు 140 వాట్లు దారిలోనే వేడిగా పోతున్నాయి. ప్లగ్ పిన్ను నల్లబడిందా, సాకెట్ వెనక స్క్రూ వదులైందా చూడండి. మెయిన్ ఆపాకే సుమండీ. అంతవరకూ రాడ్ వాడకండి.