హెచ్ఐవీ ప్రోటియేజ్ రెండు ముక్కలెందుకు?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): రేపే ఇంటర్నల్. హెచ్ఐవీ వైరస్‌లో ప్రోటీన్లను కోసే ఎంజైమే ప్రోటియేజ్ కదా, దానికి ఒక్క ముక్క చాలదా సార్? టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ, ట్యూషన్ మాస్టారు): అడకత్తెర చూశావా అమ్మా? ఒక్క రెక్కతో వక్క తెగదు. ఇదీ అంతే. 99 అమినో ఆమ్లాల గొలుసులు రెండు జతకట్టాలి. ఒక్కోదాంట్లో 25వది ఆస్పార్టిక్ ఆమ్లం. ఆ రెండూ ఎదురెదురుగా కూర్చుని, నీటి అణువు సాయంతో ప్రోటీన్‌లోని బంధాన్ని తెంపుతాయి. పైన రెండు రెప్పలు తెరుచుకుని ప్రోటీన్‌ను లోపలికి రానిస్తాయి. వైరస్ ప్రోటీన్లు కొట్లో వేలాడే షాంపూ ప్యాకెట్ల దండలా అతుక్కుని పుడతాయి. ప్రోటియేజ్ వాటిని చింపకపోతే వైరస్ పక్వం కాదు. 1995లో వచ్చిన సాక్వినవిర్ అనే హెచ్ఐవీ మందు ఆ కోత పెట్టే చోటే ఇరుక్కుంటుంది.

మరొకరు: ఈ కాలం పిల్లలు అడకత్తెర ఎక్కడ చూశారు మాస్టారూ!

ప్రశ్న అడిగినామె: మా నాయనమ్మ దగ్గరుంది. కరోనాదీ ఇలాగేనా సార్?

మాస్టారు: అదీ జంటే, కానీ ఏ ముక్క కత్తి ఆ ముక్కకే. కోసేది 145వ సిస్టీన్, తోడు 41వ హిస్టిడిన్. ఆస్పార్టిక్ అని రాసేవు!