గొటబాయ రాజపక్స పతనానికి ఎరువుల నిషేధమే కారణమా?

కృష్ణాతీరం:
శ్రీలంక మాటొస్తే చాలు, "సేంద్రియ సాగు పెట్టి దేశాన్ని ముంచాడు" అంటారు మన దగ్గర. గొటబాయ 2019 నవంబరులో 52.25 శాతం ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచాడు. 2020 ఆగస్టులో ఆయన పార్టీకి 225లో 145 సీట్లొచ్చాయి. 2022 జులైకి దేశం విడిచి పారిపోయాడు. ఇదంతా ఎరువుల వల్లేనా? పార్లమెంటు ముందే ఎందుకు దించలేదు?

లెక్కలపద్దు:
ఎరువులకంటే ముందు పన్నులు. గెలిచిన నెలలోపే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు, జీతాల్లో కోసే పన్ను ఎత్తేశారు. ఖజానాకు రాబడి పడిపోయింది, 2020లో రేటింగ్ సంస్థలు (అప్పు తీర్చే సత్తాను కొలిచేవి) దేశం గ్రేడు దించాయి, విదేశాల్లో కొత్త బాండ్లు అమ్ముకునే దారి మూసుకుపోయింది. పాత బాకీని కొత్త అప్పుతో తీర్చే దేశానికి ఊపిరాడనిది అక్కడే. కోవిడ్‌తో పర్యాటకుల డాలర్లూ ఆగాయి. 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వ 2022 మార్చికి 190 కోట్లకు దిగింది. అందులోనూ దాదాపు 150 కోట్లు చైనా ఇచ్చిన యువాన్ స్వాప్ (కరెన్సీ మార్పిడి ఒప్పందం కింద వచ్చిన చైనా డబ్బు), డీజిల్ కొనడానికి పనికొచ్చేది కాదు.

అలాంటి స్థితిలో 2022 జనవరి 18న 50 కోట్ల డాలర్ల బాండు బాకీ పూర్తిగా కట్టేశారు. నా దృష్టిలో అన్నిటికంటే ఘోరమైన తప్పు అదే. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గరకు వెళ్లకుండా ఆ డబ్బు కట్టారు, మార్చి చివరికి రోజుకు 13 గంటల కరెంటు కోత. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఎలాగూ ఆపేశారు.

వరిమడి:
పై లెక్క సరైనదే, కానీ పల్లె ఆయన చేజారింది ఎరువుల వల్లే. హెక్టారుకు 5 టన్నుల వడ్లు పండాలంటే పైరు సుమారు 100 కిలోల నత్రజని లాగుతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి 220 కిలోలు చాలు. కంపోస్టులో ఉండేది ఒక శాతం అటూఇటూ, అంటే 10 టన్నులు తోలాలి, అదీ మెల్లగా వదులుతుంది. దేశమంతటికీ అంత ఎరువు ఎక్కడిది? 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతి ఆపి, ఆ ఏటి 'మహా' సీజనుకే (అక్కడి ప్రధాన వరి పంటకే) అమలు చేశారు. చైనా నుంచి తెప్పించిన 20,000 టన్నుల సేంద్రియ ఎరువులో హానికర బ్యాక్టీరియా ఉందని ఓడను వెనక్కి పంపి, చివరికి ఆ చైనా కంపెనీకే 67 లక్షల డాలర్లు చెల్లించారు. నవంబరులో నిషేధం ఎత్తేసేసరికి అదను దాటిపోయింది.

అధికరణ38:
పార్లమెంటు ముందే ఎందుకు దించలేదన్న రెండో ప్రశ్నకు జవాబు. అక్కడ అవిశ్వాసం ప్రధాని, మంత్రివర్గం మీదే చెల్లుతుంది. అధ్యక్షుణ్ని దించాలంటే మూడింట రెండు వంతులు, అంటే 150 ఓట్లతో తీర్మానం, తర్వాత సుప్రీంకోర్టు విచారణ, మళ్లీ 150 ఓట్లు. 2022 ఏప్రిల్‌లో 40 మందికి పైగా ఎంపీలు పాలక కూటమి వదిలినా ఆ సంఖ్య అందనంత దూరం. మే 9న ఆయన అన్న మహింద ప్రధాని పదవి వదిలినా గొటబాయ కదల్లేదు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయాకే కదిలాడు.

పదవిలో ఉన్నంతకాలం అరెస్టు నుంచి రక్షణ ఉంటుంది. అందుకే ముందు రాజీనామా ఇవ్వలేదు: 13న వాయుసేన విమానంలో మాల్దీవుల రాజధాని మాలే, 14న సింగపూర్, అక్కడి నుంచి స్పీకర్‌కు ఈమెయిల్. అధ్యక్షుడు మధ్యలో తప్పుకుంటే మిగిలిన పదవీకాలానికి ప్రజల ఓటు అక్కర్లేదు, ఎంపీలే ఎన్నుకుంటారు. 20న 134 ఓట్లతో రణిల్ విక్రమసింఘె అధ్యక్షుడిగా వచ్చింది అలాగే.

కృష్ణాతీరం:
కోర్టు ఏమైనా తేల్చిందా?

అధికరణ38:
2023 నవంబరులో సుప్రీంకోర్టు గొటబాయ, మహింద, వాళ్ల తమ్ముడైన మాజీ ఆర్థిక మంత్రి బసిల్ ముగ్గురూ సంక్షోభానికి బాధ్యులని తీర్పిచ్చింది. శిక్ష మాత్రం వేయలేదు.